నీలం గుడ్డ కట్ట

"ఒక రోగికి ఒకటే కార్డా, రెండు మూడు కూడా ఉంటాయా?" అని అడిగింది నిర్మల.

"ఒకటే మేడమ్."

"ఒక కార్డు మీద ఇద్దరు రోగులు ఉంటారా?"

రామలింగం నవ్వు ఆపుకున్నాడు. పొద్దున్నుంచీ ఇట్లాంటి ప్రశ్నలే. మనిషికి తల ఒకటా రెండా అని అడుగుతున్నట్టుంది ఆయనకు. ఇరవై రెండేళ్ళుగా ఈ దవాఖానలో రికార్డు గుమాస్తా. ఇన్నేళ్ళలో ఎవరూ తనను ఇన్ని ప్రశ్నలు అడగలేదు. మొదటి గంట అదొక గౌరవంగా ఉండింది, తరువాత నడుము నొప్పి మొదలైంది.

"ఉండరు మేడమ్" అన్నాడు.

నిర్మల కాగితం మీది గీతకు ఈ కొసన ఒకటి అంకె, ఆ కొసన ఒకటి అంకె వేసింది. బల్ల మీద పెద్ద కాగితం పరిచి ఉంది. అందులో రోగి ఒక డబ్బా, కార్డు ఒక డబ్బా, మందు ఒక డబ్బా, డాక్టరు ఒక డబ్బా. డబ్బాకూ డబ్బాకూ నడుమ డైమండు ఆకారంలో ఒక గుర్తు, అందులో ఆ రెంటికీ ఏం సంబంధమో రాసి ఉంటుంది. ఎంటిటీ రిలేషన్‌షిప్ డయాగ్రమ్ అని దాని పేరు. చాయ్ తెచ్చిన ఆయమ్మ కట్టమ్మ దాన్ని చూసి, "డబ్బాలకు పతంగులు కట్టినట్టున్నరు" అనుకుంటూ పోయింది.

మట్టెవాడలో వర్తకుల ట్రస్టు నడిపే ఛాతీ దవాఖాన అది. క్షయ రోగులకు పద్దెనిమిది నెలలు మాత్రలు ఊరికే ఇస్తారు. విరాళం పంపే పై దేశం వాళ్ళు, ఎంతమంది రోగులు మందు మధ్యలో మానేస్తున్నారో నెలనెలా తెలియాలన్నారు. కంప్యూటర్ కొనుక్కోమన్నారు. అది ఎనభై ఎనిమిది జూన్‌లో వస్తుంది. వచ్చేలోపు దానికి ఏమేం తెలిసి ఉండాలో గీసి ఇవ్వడానికి హైదరాబాద్ కంపెనీ ఈ ఫిబ్రవరిలో నిర్మలను పంపింది. ఆమె తల్లిదండ్రులది హనుమకొండే కాబట్టి లాడ్జి ఖర్చు తప్పుతుందని కంపెనీ ఆలోచన.

నాలుగేళ్ళుగా ఇదే పని. సిమెంటు ఫ్యాక్టరీ, ఎరువుల గోదాం, కాలేజీ హాస్టలు. ఎక్కడికి పోయినా ఒకటా, ఎక్కువా, తప్పనిసరా, కాదా. అడిగీ అడిగీ ఆమె నోరు ఎండిపోయేది, చెప్పీ చెప్పీ ఎదుటివాళ్ళ మొహం మాడిపోయేది. అయినా తన గీత మీద తనకు నమ్మకం ఉండేది. అడగవలసినవి అడిగితే ఏ సంస్థ అయినా కాగితం మీదికి వస్తుందనుకునేది.

"మందులు ఎవరు తీసుకుంటారు?"

రామలింగం గోడ వైపు చూశాడు. 'మందులు రోగికి మాత్రమే ఇవ్వబడును' అని బోర్డు వేలాడుతోంది.

"రోగే తీసుకుంటడు మేడమ్."

ఖాళీ గ్లాసులు తీసుకుంటున్న కట్టమ్మ ఆగింది. నోరు తెరవబోయింది. రామలింగం ఆమె వైపు ఊరికే చూశాడు, అంతే. ఆమె గ్లాసులు ఒకదాంట్లో ఒకటి పెట్టుకుని వెళ్ళిపోయింది. నిర్మల అదంతా చూసింది. చూసి కూడా తల వంచుకుని గీత గీసుకుంది.

ఆ సాయంత్రమే ఆమె అల్మరా తెరిపించింది. నాలుగు వందల పన్నెండు కార్డులు. చాలావరకు నంబరు వరసలోనే ఉన్నాయి. కింది అరలో మాత్రం తొమ్మిది కట్టలు విడిగా, ఒక్కోదానికి ఒక్కో రంగు చీర పేలిక ముడేసి ఉన్నాయి. నీలం గుడ్డ కట్టలో పద్నాలుగో నంబరు పక్కన రెండు వందల ఇరవై, దాని పక్కన ఎనభై ఏడు.

"ఇదేంటి?"

"ఆయమ్మ పని మేడమ్. చదువు రాదు. ఏదో ఆమె సోయి" అన్నాడు రామలింగం, చూపు తిప్పుకుని.

"అన్నీ విప్పేసి ఒకటి నుంచి వరసగా పెట్టిద్దాం. రేపు నేను సరిచూసుకుంటా."

కట్టమ్మ తలుపు దగ్గరే ఉంది. యాభై ఐదేళ్ళ మనిషి, చేతులు ఫినాయిలుకు పగిలి ఉన్నాయి. "వద్దు మేడమ్, ఎల్లుండి గురువారం అవి అక్కరొస్తయి" అంది.

"ప్రతి కార్డుకూ నంబరుంది కదమ్మా."

నంబరుంది, నిజమే. కట్టమ్మ అల్మరా ముందు కూర్చుంది. పేలికలు తనే విప్పింది. ఒక్కోటి విప్పేముందు కట్టను రెండు చేతులా పట్టుకుని కాసేపు చూసింది. విప్పిన పేలికలు చుట్టచుట్టి కొంగున కట్టుకుంది. బుధవారం మధ్యాహ్నానికి అల్మరా ముచ్చటగా తయారైంది. నిర్మలకు ఆ వారంలో కలిగిన సంతోషం అదొక్కటే.

గురువారం మందుల రోజు. ముందు వరండాలో రోగులు వరస కట్టారు. రామలింగం వాళ్ళ కార్డులు టకటకా తీస్తుంటే నిర్మల పక్కన నిలబడి చూసి తృప్తిపడింది. తొమ్మిదిన్నరకు వెనక కిటికీ దగ్గర గాజుల చప్పుడైంది.

"కట్టక్కా, నా నీలం గుడ్డ కట్ట ఇయ్యి. బస్సున్నది."

కిటికీ అవతల ఒకామె తల మీది గంప దింపుతోంది. గంపలో తాళ్ళకు గుచ్చిన గాజుల మలారాలు, ఎరుపు, ఆకుపచ్చ. ధర్మసాగర్ వైపు ఊళ్ళు తిరిగే గాజుల మొగిలమ్మ.

కట్టమ్మ అల్మరా ముందు చేతులు వేలాడేసుకుని నిలబడింది. "కట్టలు ఇప్పిండ్రు మొగిలీ."

"ఎవలు?"

కట్టమ్మ చెప్పలేదు. పక్క గదిలో నిల్చున్న నిర్మలకు ఆ చెప్పకపోవడం స్పష్టంగా వినిపించింది.

రామలింగం వచ్చి కట్టమ్మ మీద అరిచాడు. "గురువారం పూట గిట్ల గుంజ లెక్క నిలవడ్తవేంది? పేర్లు చెప్పుమను, తీసిస్త."

"ఒగలు యాకమ్మ సారు" అంది మొగిలమ్మ.

రామలింగం పేర్ల పుస్తకం తిప్పాడు. మొగిలమ్మ చెప్పిన ఊళ్ళో యాకమ్మ లేదు. అసలు ఆ ఊరివాళ్ళే ఎవరూ లేరు.

"ఎట్లుంటది సారు? ఈ రోగమని అసలు పేరు ఎవలు చెప్తరు? ఏం పేరు రాపిచ్చిన్రో నాకేం ఎరుక. అచ్చినప్పుడు కట్టక్కకు చెప్తరు, గాజులామె చేతికియ్యి అని. అక్క నీలం గుడ్డల పెడ్తది. ఏడు కార్డులు, ఏడు పొట్లాలు. ఎవల పొట్లం ఎవలకో వరస నాకు ఎరుక. గంతే."

నిర్మల కిటికీ దగ్గరికి వచ్చింది. ఏడు సంవత్సరాలుగా ఇట్లాగే నడుస్తోందట. మొగిలమ్మ కాక ఇంకా ఎనిమిది మంది ఉన్నారు. ఒకడు పాలు పోసేవాడు, ఒకడు కల్లు గీయడానికి తాళ్ళెక్కే గట్టయ్య, ఒకడు పోస్టు సంచి మోసేవాడు. ఊళ్ళకు మామూలుగా పోయేవాళ్ళు, ఎందుకొచ్చావని ఎవరూ అడగనివాళ్ళు. రామలింగం ఎదుటే గురువారాల్లో ఈ కిటికీలోంచి తొంభై మంది పొట్లాలు వంతులవారీగా పోతున్నాయి. తను మూడు రోజులు డాక్టరును, గుమాస్తాను, కాంపౌండరును, ఆఖరికి ట్రస్టు డ్రైవరును కూడా అడిగింది. చాయ్ తెచ్చిన మనిషిని ఒక్క మాట అడగలేదు.

"యాకమ్మకు రేపటికి మాత్రలు అయిపోతయి" అని మొగిలమ్మ గంప పక్కన కూలబడింది. "మిర్చి ఏరే కాలమిది. ఊరంత దగ్గుతాంది గనుక దాని దగ్గు దాన్ల కలిసిపోతాంది. ఈ నెల దాటితె అత్త పసిగడ్తది. మందు బంద్ అయితె మల్ల రక్తం పడ్తదని డాక్టర్ సారే చెప్పిండు. తెలిసిన్నాడు పిల్లను గుంజుకొని ఎల్లగొడ్తరు. నేను పొట్లం లేకుంట పోను."

పోలేదు కూడా. ఆ పూట వచ్చిన పాలాయనా ఇంకో ఇద్దరూ వచ్చే గురువారం రమ్మంటే గొణుక్కుంటూ వెళ్ళారు. మొగిలమ్మ మాత్రం బస్సు పోయినా కదల్లేదు.

మధ్యాహ్నం వరండా ఖాళీ అయ్యాక నిర్మల, కట్టమ్మ, మొగిలమ్మ ముగ్గురూ నేల మీద కూర్చున్నారు. నిర్మల ఆడవాళ్ళ కార్డులన్నీ బయటికి తీసింది. నూటా అరవై ఎనిమిది. కట్టమ్మకు అక్షరాలు రావు గానీ కార్డులు వచ్చు. వేలితో అంచులు తడుముతూ పోయింది. మూల ఎలుక కొరికింది ఒకటి. పసుపు వేలు పడింది ఒకటి. చంటిపిల్ల నమిలిన పంటి గాట్లది ఒకటి. "గిది మనదే" అని పక్కన పెడుతూ పోయింది. నాలుగింటికి ఆరు దొరికాయి. ఏడోది, యాకమ్మది, అందరికంటే కొత్తది. దానికి ఇంకా ఏ మరకా అంటలేదు.

రామలింగం తన బల్ల దగ్గర ఏదో రాసుకుంటున్నాడు. నిర్మల నీళ్ళ కోసం లేచి వెళ్తూ చూసింది. కార్డులు తారుమారు చేసినందుకు ఆయా కట్టమ్మకు మెమో.

"విప్పించింది నేను కదండీ."

"ఎరుకే మేడమ్." ఆయన కలం ఆపలేదు. గొంతులో కోపం కూడా లేదు. "మీరు శనివారం పోతరు. ముగ్గురు ఉత్త చేతుల్తోటి పోయిండ్రు, అది రేపు పైకి పోతది. ఎవలో ఒకల పేరు మీద ఉండాలె గద. నాకింక నాలుగేండ్ల నౌకరి ఉన్నది."

నిర్మల తిరిగి వచ్చి కూర్చుంది. కార్డు ఒకటి చేతిలోకి తీసుకుని చూసింది. పేరు అబద్ధం, ఊరు అబద్ధం, మొగుడి పేరు అబద్ధం. మరి ఇందులో నిజమేముంది?

"మొగిలమ్మా, యాకమ్మ ఎట్ల ఉంటది?" అని అడిగింది. తెలియకుండానే ఇంటి మాట వచ్చింది.

"ఎట్లుంటది, పుల్ల లెక్క ఉంటది. ఇరవై రెండేండ్లు. దానికి రెండు-రెండు నంబరు గాజు ఎక్కిస్త. చిన్న పోరగాండ్ల సైజు. అది గూడ మోచేతి దాంక జారుతది. ఆ ఊళ్ళ ఇంకెవలకు గంత సన్నటి మణికట్టు లేదు."

"మొదలు ఎప్పుడొచ్చింది ఈడికి?"

"బతుకమ్మకు తల్లిగారింటికి అచ్చినప్పుడు. తల్లి తోలుకొచ్చింది. ఆ పండుగకు నేనే గాజులు ఏసిన."

నిర్మల కార్డులు దగ్గరికి లాక్కుంది. కార్డు మీద వెనక వైపు ఒక గడి ఉంటుంది, మొదటి రోజు బరువు. దాని గురించి ఎవరూ అబద్ధం చెప్పలేరు, తక్కెడ చెబుతుంది. దసరా నెలలో చేరినవాళ్ళను ఏరింది, పందొమ్మిది. ముప్పై ఐదేళ్ళు దాటినవాళ్ళను తీసేస్తే ఎనిమిది మిగిలాయి. బరువు వరసలో పేర్చింది. అన్నిటికంటే తక్కువ బరువువి రెండు తేలాయి. ముప్పై రెండు కిలోలు, ముప్పై మూడు కిలోలు. ఒకరు కమల, ఒకరు శారద.

"ఒకదాని మీద వేలిముద్ర ఉంది, ఒకదాని మీద సంతకం ఉంది" అంది నిర్మల.

"సంతకమే" అంది మొగిలమ్మ వెంటనే. "ఏడు దాంక చదివింది. గాజులేసేటప్పుడు నా గంపల పేపరు ముక్కలు సుత చదువుతది."

శారద, మడికొండ. తనది కాని పేరునూ, తనది కాని ఊరినీ ఆ పిల్ల గుండ్రంగా, పొందికగా రాసింది. తొందరపడి రాసినట్టు లేదు. నిర్మల దాన్ని కట్టమ్మ చేతిలో పెట్టింది. కట్టమ్మ కొంగు ముడి విప్పి నీలం పేలిక తీసి ఏడు కార్డులనూ కట్టింది. కాంపౌండరు ఏడు పొట్లాలు కట్టి ఇచ్చాడు. మొగిలమ్మ వాటిని గంప అడుగున గుడ్డ కింద సర్ది, పైన మలారాలు పరిచింది. ఆ రోజు ఊరికి ఇక బస్సు లేదు. కట్టమ్మ ఇంట్లో పడుకుని తెల్లారి పోతానంది.

మర్నాడు శుక్రవారం నిర్మల పొద్దున్నే కొత్త కాగితం పరిచింది. రోగికీ మందుకూ నడుమ ఇంకో డబ్బా గీసింది. 'తీసుకుపోయే మనిషి' అని రాసింది. ఒక మనిషికి అనేక మంది రోగులు. ఆ మనిషికో గుర్తు, రంగు. తొమ్మిది కట్టలూ ఆ ఒక్క డబ్బాలో ఇమిడిపోయాయి. నాలుగేళ్ళలో తను గీసినవాటిలో ఇంత నిజమైన బొమ్మ లేదనిపించింది. కట్టలు విప్పించిన తప్పుకు ఇదే సమాధానమనుకుంది. తెలిసిందంతా కాగితం మీద ఉంటే ఇక కట్టమ్మను ఎవరూ ఏమీ అనలేరు.

ట్రస్టు కార్యదర్శి రాజేశ్వర్ రావు మధ్యాహ్నం వచ్చాడు. అరవై దాటిన మనిషి, బట్టల వ్యాపారం కొడుకులకు అప్పజెప్పి దవాఖాన చూసుకుంటున్నాడు. కళ్ళజోడు తుడుచుకుని బొమ్మను చాలాసేపు చూశాడు.

"ఈ డబ్బా ఏందమ్మా?"

నిర్మల చెప్పింది. కట్టలు విప్పించింది తనేనని, మెమో అన్యాయమని కూడా చెప్పింది. చెబుతున్నంతసేపూ ఆయన ఆ డబ్బా మీద వేలు పెట్టే ఉంచాడు.

"మంచిగ గీసినవు" అన్నాడు చివరికి. "మెమో నేను చింపేస్త, దాని ఫికర్ చెయ్యకు. గని ఒక్క మాట అడుగుతా. ఇరవై ఏండ్ల సంది ఈ దవాఖానకు వస్తున్న. ఆ కిటికీ నాకు తెల్వదనుకుంటున్నవా?"

ఆయన గోడ వైపు చెయ్యి చూపించాడు.

"గోడకు బోర్డు ఎందుకున్నది? పైసలిచ్చేటోళ్ళ షరతు అది. మందు రోగి చేతికే ఇయ్యాలె. ఇంకొకల చేతికిస్తున్నమని తెలిస్తే ఒక్క దినంల బంద్ చేస్తరు. ఇన్నేండ్లు చూడనట్టు ఉన్న. నువ్వు గీసి నా ముందట పెడితే చూడక తప్పుతదా? ఈ కాయితం రేపు పన్నెండింటికి వాళ్ళకు పోస్టుల పోవాలె. కింద నా సంతకం ఉండాలె."

"సార్, ఇది లేకపోతే ఈ బొమ్మ తప్పవుతుంది. కంప్యూటర్ కూడా..."

"నేను తీసెయ్యమంటలేనమ్మా. నీ పని నువ్వు చెయ్యి. ఉంచితే ఉంచు, సంతకం పెడ్త. దాంతోటే సోమవారం నుంచి కిటికీ మూసెయ్యమని ఆర్డర్ గూడ రాస్త. రాయక తప్పది." ఆయన లేచాడు. మెట్ల దగ్గర ఆగి గోడ పట్టుకున్నాడు. "మా అక్క ఈ రోగంతోటే పోయింది. అత్తగారింట్ల ఎవలకు చెప్పలే. అప్పుడు గాజులామె లేకుండె" అని దిగి వెళ్ళిపోయాడు.

శనివారం పొద్దున నిర్మల ఎరేజర్ పట్టుకుని కూర్చుంది. సిమెంటు ఫ్యాక్టరీలో ఒక చిన్న గీత తప్పినందుకు రెండు రోజులు అన్నం తినని మనిషి ఆమె. డబ్బా చెరిపింది. గీతలు చెరిపింది. కాగితం మీద గరుకు మిగిలింది. రోగి నుంచి మందుకు తిన్నగా పాత గీతే గీసి, రెండు కొసలా అంకెలు వేసింది. తన చేత్తో తను తప్పు గీసింది, తెలిసి గీసింది.

తరువాత కార్డు డబ్బాకు ఒక పక్కన చిన్న సున్నా చుట్టింది. అందులో 'రంగు' అని రాసింది. పేరు, వయసు, బరువు లాగే ఇదీ కార్డు మీది ఒక వివరం. ఎందుకని ఎవరైనా అడిగితే వెతుక్కోవడానికి అని చెప్పవచ్చు. ఎవరూ అడగరు కూడా.

కట్టమ్మ చాయ్ తెచ్చి బల్ల మీదికి వంగింది. "గీండ్ల నేనున్ననా మేడమ్?"

"లేవు. మొగిలమ్మ కూడా లేదు. నిన్న పెట్టిన, పొద్దుగాల చెరిపిన." నిర్మల తల ఎత్తలేదు. "నీ రంగులొక్కటి మిగిలినయి. ఈడ, ఈ సున్నల."

కట్టమ్మ ఆ సున్నాను చూసింది, చెరిపిన చోట గరుకును వేలితో తడిమింది. "లేకుంటెనే మంచిది బిడ్డా. గండ్ల ఉంటె ఈడ ఉండనియ్యరు" అంది. మేడమ్ కాస్తా బిడ్డ అయింది. ఆమె కిందికి కూర్చుని కొంగులోంచి పేలికలు తీసి వరసగా పరిచింది. నీలం కాక ఎనిమిది. వాటి కార్డులు ఇంకా నంబర్ల వరసలోనే చిక్కుకుని ఉన్నాయి. ఎవరివి ఎవరివో వాళ్ళు వాళ్ళు వచ్చి చెబితే తప్ప తెలియదు. తెల్ల పేలిక చేతిలోకి తీసుకుని, "గట్టయ్యది ఇది. పదకొండు మంది. మొన్న రానేలేదు. వచ్చే గురువారం అస్తడో రాడో" అంది.

"వస్తడు."

"వస్తె కార్డులు ఎవలు చదువుతరు? రామలింగం సారు చదువడు."

నిర్మల పెన్సిళ్ళు డబ్బాలో పెట్టుకుంటోంది. మధ్యాహ్నం బస్సుకు హైదరాబాద్ పోవాలి. సోమవారం ఇంకో గోదాం, మళ్ళీ ఒకటా, ఎక్కువా. పెన్సిళ్ళు పెట్టడం ఆపింది. తరువాత చాయ్ గ్లాసు పక్కకు జరిపి, తెల్లకాగితం ఒకటి చింపి కంపెనీకి టెలిగ్రామ్ రాసుకుంది. పని పూర్తి కాలేదు, ఇంకో వారం పడుతుంది. బొమ్మ పూర్తయి బల్ల మీదే ఉంది, పోస్టుకు పోవడానికి సిద్ధంగా.

కాగితం మడిచి లేచి కట్టమ్మ పక్కన నేల మీద కూర్చుంది. "మగవాళ్ళ కార్డులు ముందు తీద్దాం. గట్టయ్యవాళ్ళల్ల ఎవరన్న నీకు యాదికున్నరా, ఎట్ల ఉంటరో చెప్పు" అంది.

"ఒకడున్నడు" అని కట్టమ్మ కళ్ళు మూసుకుంది. "చెప్పులు బయటనే ఇడిచి అస్తడు, ఎవలు చెప్పకున్న."

అది ఏ కార్డు మీదా రాసి ఉండదు. నిర్మల మొదటి కార్డు తీసింది.